పాత లగ్జరీ ఎస్‌యూవీ: కొనే ధర ఒకటి, నడిపే ధర ఇంకొకటి

కొత్తలో రూ.60–75 లక్షలు పలికిన బీఎండబ్ల్యూ ఎక్స్5, మెర్సిడెస్ జీఎల్‌ఈ, ఆడీ క్యూ7 వంటి బళ్లు ఎనిమిది, పదేళ్లు తిరిగేసరికి కొత్త ఇన్నోవా ధరకు వచ్చేస్తాయి. ఇంకాస్త పాతవైతే కొత్త క్రెటా ధరకే దొరుకుతాయి. జూబ్లీహిల్స్‌లోనో గచ్చిబౌలిలోనో సెకండ్ హ్యాండ్ షోరూమ్‌లో తళతళలాడుతున్న బండిని చూసి, ఇదే డబ్బుకు ఇంత పెద్ద బండి వస్తుంటే చిన్న కారు ఎందుకని అనుకునేవాళ్లు చాలామంది. ఆ ఆశలో తప్పేమీ లేదు. ఈ బళ్ల ఇంజిన్ బలం, రోడ్డు మీద నిలకడ, లోపలి నిశ్శబ్దం, ప్రమాదంలో మనిషిని కాపాడే తీరు నిజంగానే గొప్పవి.

అయితే కొన్న ఏడాది లోపే చేతికొచ్చిన రిపేరు ఎస్టిమేట్ చూసి, వచ్చిన కాడికి అమ్మేసుకున్నవాళ్లూ ఉన్నారు. అదే మోడల్‌ను ఆరేడేళ్లుగా ఇబ్బంది లేకుండా నడుపుతున్నవాళ్లూ ఉన్నారు. తేడా అదృష్టంలో లేదు. ఏ భాగం ఎందుకు పాడవుతుందో, దానికి ఎంతవుతుందో ముందే తెలుసుకుని కొనడంలో ఉంది. ఆ లెక్కను భాగాల వారీగా చూద్దాం. ఇక్కడ ఇచ్చే ఖర్చులన్నీ ఉజ్జాయింపు. మోడల్‌ను బట్టి, వేసే విడిభాగం కంపెనీదా బయటిదా అన్నదాన్ని బట్టి, ఊరిని బట్టి ఇవి పైకీ కిందికీ జరుగుతాయి.

ఇంత చవకగా ఎందుకొస్తుంది?

లగ్జరీ బండి మొదటి యజమానికి నాలుగైదేళ్లకు మోజు తీరుతుంది. వారంటీ అయిపోతుంది, కొత్త మోడల్ వస్తుంది, బండి చేతులు మారుతుంది. రెండో యజమాని దగ్గర మరో మూడేళ్లు. మూడో చేతికి వచ్చేసరికి అసలు ధరలో మూడో వంతు కూడా మిగలదు.

దీనికి ఢిల్లీ కారణం కూడా తోడైంది. పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు రాజధాని ప్రాంతంలో తిరగకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2025లో అదే కోర్టు కొంత ఊరట ఇచ్చినా, ఈలోగా గడువు దగ్గరపడ్డ డీజిల్ ఎస్‌యూవీలు ఎన్‌వోసీలు తీసుకుని దక్షిణాదికి తరలివచ్చాయి. హైదరాబాద్, విజయవాడ మార్కెట్లలో కనిపించే చవక బళ్లలో కొన్ని అలా వచ్చినవే.

అసలు విషయం ఇక్కడే ఉంది. వయసుతో పాటు ధర తగ్గింది బండికే, దాని విడిభాగాలకు కాదు. రూ.70 లక్షల బండిని మీరు రూ.18 లక్షలకు కొన్నా, దాని హెడ్‌ల్యాంపు, గేరుబాక్సు, టర్బో మాత్రం రూ.70 లక్షల బండివే. బీఎండబ్ల్యూకు చెన్నై దగ్గర, మెర్సిడెస్‌కు పుణె దగ్గరి చాకన్‌లో, ఆడీకి షేంద్రాలో, జాగ్వార్ ల్యాండ్‌రోవర్‌కు పుణెలో ప్లాంట్లు ఉన్నాయి. కానీ అక్కడ జరిగేది ఎక్కువగా బిగింపు పనే. ముఖ్యమైన భాగాలు విదేశాల నుంచి సుంకం కట్టుకుని వస్తాయి.

అమెరికాలోని మనవాళ్ల పరిస్థితి దీనికి తిరగబడి ఉంటుంది. ఎక్స్5 సౌత్ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్‌లో, జీఎల్‌ఈ అలబామాలో తయారవుతాయి. విడిభాగాలు సులువుగా, పోటీ ధరలకు దొరుకుతాయి, మెకానిక్ గంట కూలే భారం. ఇక్కడ కూలి తక్కువ, భాగం ఖరీదు. అందుకే అక్కడి స్నేహితుడు చెప్పిన ఖర్చును రూపాయల్లోకి మార్చి ఇక్కడ లెక్కేసుకుంటే కుదరదు.

గాలి సస్పెన్షన్: మొదటి పరీక్ష

ఈ తరగతి బళ్లలో అందరికంటే ముందు పలకరించే సమస్య ఇదే. ల్యాండ్‌రోవర్ డిస్కవరీ 3, 4, రేంజ్‌రోవర్, రేంజ్‌రోవర్ స్పోర్ట్, మొదటి తరం ఆడీ క్యూ7, మెర్సిడెస్ ఎంఎల్, జీఎల్‌లలో చాలావాటికి నాలుగు చక్రాల దగ్గరా ఇనుప స్ప్రింగులకు బదులు గాలి నింపిన రబ్బరు సంచులు ఉంటాయి. ఎక్స్5లో కొన్నింటికి వెనక రెండు చక్రాలకే ఉంటాయి. ఒక కంప్రెసర్ గాలి కొడుతుంది, వాల్వ్ బ్లాక్ దాన్ని నాలుగు మూలలకూ పంచుతుంది, ఎత్తు కొలిచే సెన్సర్లు ఎప్పటికప్పుడు లెక్క చెబుతాయి.

రబ్బరుకు వయసుంటుంది. మడత పడే చోట సన్నని పగుళ్లు వస్తాయి. మన ఎండ, దుమ్ము, స్పీడ్‌బ్రేకర్లు ఆ పని ఇంకా త్వరగా చేస్తాయి. మొదట గాలి రాత్రంతా కొద్దికొద్దిగా కారుతుంది. పొద్దున్న స్టార్ట్ చేయగానే కంప్రెసర్ నింపేస్తుంది కాబట్టి యజమానికి తెలియదు. కానీ కాసేపు మాత్రమే తిరగాల్సిన కంప్రెసర్ రోజూ అదనంగా తిరిగి వేడెక్కి, ఒకరోజు కాలిపోతుంది. అప్పుడు మెకానిక్ కంప్రెసర్ ఒక్కటే మార్చి పంపితే, లీకు అలాగే ఉండిపోయి కొత్తది కూడా కొన్ని నెలల్లో పోతుంది. ఈ సమస్య మీద రెండుసార్లు డబ్బు పోగొట్టుకున్నవాళ్లలో చాలామంది కథ ఇదే.

ఒక్కో ఎయిర్ స్ట్రట్ బయటి కంపెనీదైతే రూ.40–70 వేలు, అసలుదైతే రూ.లక్ష పైమాటే. కంప్రెసర్ రూ.30 వేల నుంచి లక్ష దాకా ఉంటుంది. నాలుగూ మార్చాల్సి వస్తే మూడు, నాలుగు లక్షలు అనుకోవాలి. అదృష్టం బాగుంటే తప్పు ఎత్తు సెన్సర్‌దో రిలేదో అవుతుంది. అది వేలల్లో తేలిపోతుంది. అందుకే సబ్బు నీళ్లు కొట్టి లీకు ఎక్కడుందో తేల్చకుండా ఏ భాగమూ మార్చనివ్వకండి.

కొనేముందు చేసే పరీక్షకు రూపాయి ఖర్చు లేదు. ముందు రోజు సాయంత్రం బండిని సమతలంగా ఉన్న చోట నిలబెట్టించండి. పొద్దున్నే, స్టార్ట్ చేయక ముందు వెళ్లి నాలుగు చక్రాల పైన ఫెండర్ అంచుకూ చక్రం మధ్య భాగానికీ ఉన్న దూరాన్ని టేపుతో కొలవండి. ఏదో ఒక మూల కుంగి ఉంటే లీకు ఉన్నట్టే. మీరు వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉందంటే, ఆ లోపాన్ని కప్పిపుచ్చడానికి ముందే తిప్పి ఉంచారని అనుమానించాలి.

కొందరు విసిగిపోయి గాలి సంచులు తీసేసి ఇనుప స్ప్రింగులు వేయిస్తారు. ఖర్చు తగ్గుతుంది, కానీ ప్రయాణ సుఖం, ఎత్తు పెంచుకునే వీలు పోతాయి. డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపాన్ని ఆర్పడానికి సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వస్తుంది. అలాంటి బండి అమ్మకానికి వస్తే ధర గట్టిగా తగ్గించి అడగాలి.

ఇంజిన్: వెనక దాగిన గొలుసు

టైమింగ్ బెల్టుకు బదులు గొలుసు ఉంటే బండి ఉన్నంతకాలం నిశ్చింత అని ఒక నమ్మకం ఉంది. జర్మన్ డీజిళ్ల విషయంలో ఇది పూర్తిగా నిజం కాదు. బీఎండబ్ల్యూ ఎన్47 అనే నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో, ఎన్57 అనే ఆరు సిలిండర్ల ఇంజిన్‌లో టైమింగ్ గొలుసు ముందు కాకుండా వెనక, గేరుబాక్సు వైపు ఉంటుంది. మొదటిది పాత ఎక్స్1, ఎక్స్3లలో, రెండోది 2010 తర్వాతి ఎక్స్5 30డీలో కనిపిస్తుంది. ఆడీ 3.0 టీడీఐలోనూ గొలుసులు అటువైపే. 2015 తర్వాత ఎవోక్, డిస్కవరీ స్పోర్ట్‌లలో వచ్చిన ఇంజీనియం 2.0 డీజిల్‌లోనూ అంతే. గొలుసు సాగినా, దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ గైడు అరిగినా ఆ చోటికి చేయి వెళ్లదు. ఇంజిన్‌నో గేరుబాక్సునో కిందికి దించాలి. భాగాలు, కూలి కలిపి లక్షన్నర నుంచి మూడు లక్షల దాకా అవుతుంది. పట్టించుకోకుండా నడిపి గొలుసు తెగిందో, వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజినే పోతుంది.

అన్ని ఇంజిన్లకూ ఇలా జరగదు. ఎన్47లో తొలి ఏళ్లవే ఎక్కువ అపఖ్యాతి తెచ్చుకున్నాయి. జరిగినచోట ముఖ్య కారణాల్లో ఒకటి ఆయిల్. కంపెనీ చెప్పిన గడువు దాకా, ఒక్కోసారి అది దాటాక కూడా, అదే ఆయిల్‌తో నడిపిన బళ్లలో గొలుసు, టెన్షనర్ త్వరగా అరుగుతాయి. హైదరాబాద్ ట్రాఫిక్‌లో 15 వేల కిలోమీటర్లంటే ఇంజిన్ తిరిగిన గంటలు హైవే బండి కంటే ఎంతో ఎక్కువ. సరైన గ్రేడు ఆయిల్‌ను 8–10 వేల కిలోమీటర్లకు లేదా ఏడాదికి, ఏది ముందొస్తే అప్పుడు మార్చడం ఈ బళ్లకు అన్నిటికంటే చవకైన బీమా. కొనేటప్పుడు చల్లటి ఇంజిన్‌ను మీరే స్టార్ట్ చేసి, ఇంజిన్ వెనక భాగం నుంచి, గేరుబాక్సు దగ్గర నుంచి గరగరమనే శబ్దం మొదటి కొన్ని క్షణాల్లో వస్తుందేమో చెవి పెట్టి వినండి.

మెర్సిడెస్ ఓఎం642 అనే 3.0 లీటర్ల వీ6 డీజిల్ దృఢమైనది. ఎంఎల్, జీఎల్, జీఎల్‌ఈ 350డీ, జీఎల్‌ఎస్ 350డీలలో లక్షల కిలోమీటర్లు తిరిగినవి ఉన్నాయి. దానికీ ఒక బలహీనత ఉంది. ఆయిల్ కూలర్ సరిగ్గా 'వీ' ఆకారం మధ్య లోయలో, టర్బో, ఇన్‌టేక్ మ్యానిఫోల్డుల కింద కూర్చుని ఉంటుంది. దాని కింది రబ్బరు సీళ్లు వేడికి గట్టిపడి ఆయిల్ కారుతుంది. ఆయిల్ వెనక వైపు జారి గేరుబాక్సు దగ్గర చుక్కలు పడటంతో, చూసినవాళ్లు వెనక సీల్ పోయిందని పొరబడతారు. సీళ్ల ధర కొన్ని వందల రూపాయలు. కానీ వాటిని చేరడానికి పైనున్నదంతా విప్పాలి. అందుకే బిల్లు రూ.40–90 వేలు అవుతుంది. వేడిని బాగా తట్టుకునే ఊదారంగు సీళ్లను తర్వాత తీసుకొచ్చారు. ఒకసారి అవి వేయిస్తే మళ్లీ ఆ పని పడటం అరుదు. టర్బో దగ్గర కారిన ఆయిల్ కింద ఉన్న స్వర్ల్ ఫ్లాప్ మోటారు మీద పడి దాన్ని పాడుచేయడం ఇదే ఇంజిన్‌లో మరో మామూలు సమస్య. విప్పినప్పుడే రెండూ చూడమని చెప్పాలి.

ల్యాండ్‌రోవర్ 2.7, 3.0 లీటర్ల టీడీవీ6, ఎస్‌డీవీ6 ఇంజిన్లది మరింత తీవ్రమైన విషయం. వీటిలో క్రాంక్‌షాఫ్ట్ బేరింగులు తిరిగిపోయి, షాఫ్టే విరిగిన ఉదంతాలు ప్రపంచమంతా ఉన్నాయి. తరచుగా ముందస్తు హెచ్చరిక కూడా ఉండదు. అది జరిగితే రిపేరు అనే మాట ఉండదు, ఇంజిన్ మార్పే. కొత్తదో, నమ్మదగిన పాతదో పెట్టించేసరికి బండి కొన్న ధరలో సగం పోవచ్చు. డిస్కవరీ 4, రేంజ్‌రోవర్ స్పోర్ట్ డీజిల్ మీద మనసు పడినవాళ్లు సర్వీసు రికార్డు ఒక్క పేజీ తప్పినా వదిలేయడం మంచిది. వీటికి ముందున్న టైమింగ్ బెల్టే కాక వెనక ఇంధన పంపుకు ఇంకో బెల్టు ఉంటుంది. రెండూ మార్చారా అని అడగండి.

పెట్రోల్ బళ్లు అన్నీ సురక్షితమనీ అనుకోవద్దు. ఆడీ 2.0 టీఎఫ్‌ఎస్‌ఐలో రెండో తరం ఇంజిన్లు పిస్టన్ రింగుల లోపంతో ఆయిల్ తాగుతాయి. బీఎండబ్ల్యూ ఎన్55కు కరెంటు మీద నడిచే వాటర్ పంపు, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గ్యాస్కెట్, వాల్వ్ కవర్ గ్యాస్కెట్ తరచుగా పని పెడతాయి. రేంజ్‌రోవర్ వీ6, వీ8 పెట్రోళ్లలో ప్లాస్టిక్ కూలెంట్ పైపులు వయసుతో పెళుసవుతాయి. కూలెంట్ తగ్గుతోందన్న హెచ్చరికను ఒక్క రోజు కూడా నిర్లక్ష్యం చేయకూడదు. ఇంజిన్ వేడెక్కి హెడ్ వంగితే వేలతో పోయేది లక్షలకు చేరుతుంది.

రీకాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వ్యవస్థ కూలర్‌లో కూలెంట్ కారి మంటలు లేచే ప్రమాదం ఉందని బీఎండబ్ల్యూ 2018లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 16 లక్షల డీజిల్ బళ్లను వెనక్కి పిలిచింది. దక్షిణ కొరియాలో బళ్లు కాలిపోవడంతో ఆ లోపం బయటపడింది. రీకాల్ పనికి యజమాని డబ్బు కట్టనక్కర్లేదు, బండి ఎన్ని చేతులు మారినా సరే. ఛాసిస్ నంబరు తీసుకెళ్లి, ఈ బండికి మిగిలిపోయిన రీకాల్ పనులున్నాయా అని షోరూమ్ సర్వీసులో అడగాలి.

గేరుబాక్సు: 'జీవితాంతం' అన్న మాట

ఎక్స్5, క్యూ7, రేంజ్‌రోవర్... ఇలా పోటీ కంపెనీల బళ్లలో చాలావాటికి గేరుబాక్సు ఒకరిదే. జెడ్‌ఎఫ్ అనే జర్మన్ కంపెనీ చేసే ఎనిమిది గేర్ల 8హెచ్‌పీ అది. చాలా మంచి గేరుబాక్సు. కార్ల కంపెనీలు అందులో పోసిన ఆయిల్ జీవితాంతం మార్చనక్కర్లేదని చెబుతూ వచ్చాయి. తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్లకు, లేదా ఎనిమిదేళ్లకు మార్చమంటుంది. చేసినవాడి మాటే వినాలి.

ఈ గేరుబాక్సు కింద ఉండే ఆయిల్ పాన్ ప్లాస్టిక్‌ది. ఫిల్టర్ అందులోనే కలిసి ఉంటుంది కాబట్టి ఫిల్టర్ మార్చాలంటే పాన్ మొత్తం మార్చాలి. ఆయిల్‌తో కలిపి రూ.35–60 వేలు. ఎక్కువ అనిపించినా, దీన్ని దాటవేసిన బండికి గేర్లను నియంత్రించే మెకట్రానిక్ యూనిట్ పోతే రెండు, మూడు లక్షలు పెట్టాల్సి ఉంటుంది. ఎనిమిదేళ్లు దాటిన బండికి గేరుబాక్సు ఆయిల్ మార్చిన బిల్లు లేకపోతే ఆ ఖర్చును కొనే ధరలోంచి తగ్గించి అడగండి. మెర్సిడెస్ సొంత ఏడు గేర్ల బాక్సులో లోపలి సెన్సర్లుండే కండక్టర్ ప్లేటు పాడైతే బండి ఒకే గేరులో ఇరుక్కుపోతుంది. పూర్తి గేరుబాక్సు పోయిందని ఎవరైనా అంటే, స్కాన్ రిపోర్టు చూడకుండా ఒప్పుకోవద్దు.

నాలుగు చక్రాలకూ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ బీఎండబ్ల్యూ ఎక్స్‌డ్రైవ్ బళ్లలో సున్నితమైన భాగం. నాలుగు టైర్లలో రెండు కొత్తవి, రెండు అరిగినవి వేసి నడిపితే చక్రాల వేగాల్లో తేడా వచ్చి దాని క్లచ్ నిరంతరం రాపిడికి గురవుతుంది. నెమ్మదిగా మలుపు తిరుగుతూ యాక్సిలరేటర్ నొక్కినప్పుడు బండి కుదుపుగా వణికితే అనుమానం దాని మీదే. ఆయిల్ మార్పుతో సరిపోతే రూ.10–15 వేలు, లోపలి భాగాలు పోతే లక్షన్నర, ఆపైన. అందుకే ఇలాంటి బండి చూసినప్పుడు నాలుగు టైర్ల కంపెనీ, సైజు, అరుగుదల ఒకేలా ఉన్నాయా అన్నది తప్పక గమనించాలి.

డీజిల్ పొగ, ఊరి ట్రాఫిక్

డీజిల్ బండి పొగలోని మసిని డీపీఎఫ్ అనే ఫిల్టర్ పట్టి ఉంచి, హైవే మీద వేడెక్కినప్పుడు కాల్చేస్తుంది. అది జరగాలంటే ఆగకుండా ఇరవై నిమిషాలైనా మంచి వేగంతో నడవాలి. పిల్లల్ని బడిలో దింపడానికి, పక్క వీధి సూపర్‌మార్కెట్‌కు మాత్రమే తిరిగే బండిలో మసి పేరుకుపోతుంది. మసిని కాల్చడానికి కొట్టిన డీజిల్ కాలకుండా ఇంజిన్ ఆయిల్‌లో కలిసి దాన్ని పలచన చేస్తుంది. అలా డీపీఎఫ్ సమస్య చివరికి గొలుసు సమస్యగా మారుతుంది.

శుభ్రం చేయిస్తే రూ.15–30 వేలు, కొత్తది వేయిస్తే రెండు లక్షల పైనే. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 డీజిళ్లలో పొగను శుభ్రం చేసే యాడ్‌బ్లూ ద్రవం ట్యాంకు, పంపు, నాక్స్ సెన్సర్లు అదనపు ఖర్చులు. ఒక్కో సెన్సర్ రూ.30–60 వేలు. కొన్ని గ్యారేజీలు డీపీఎఫ్‌ను తీసేసి, సాఫ్ట్‌వేర్‌ను ఏమార్చి పంపుతాయి. అది చట్టవిరుద్ధం, మన పిల్లలు పీల్చే గాలికి ద్రోహం. అలా చేసిన బండిని కొనకండి, మీ బండికి చేయించకండి. రోజుకు పది, పదిహేను కిలోమీటర్లు ఊళ్లోనే తిరిగేవాళ్లకు పాత డీజిల్ ఎస్‌యూవీ సరైనది కాదు. పెట్రోల్ చూసుకోవడమే మేలు.

నీళ్లు, కరెంటు

ఈ బళ్లలో సీటు నుంచి డిక్కీ తలుపు దాకా ప్రతిదానికీ ఒక కంప్యూటర్ పెట్టె ఉంటుంది. వాటిలో చాలావి సీట్ల కింద, కార్పెట్ల కింద, డిక్కీ అడుగున ఉంటాయి. మొదటి తరం క్యూ7లో బ్యాటరీ కూడా ముందు సీటు కిందే. పనోరమిక్ సన్‌రూఫ్ నాలుగు మూలల నుంచి నీటిని కిందికి తీసుకెళ్లే సన్నటి గొట్టాలు ఆకులు, దుమ్ముతో మూసుకుపోతే వాన నీరు నేరుగా ఈ పెట్టెల మీదికి చేరుతుంది. ఏటా వానాకాలానికి ముందు ఆ గొట్టాలు శుభ్రం చేయించడానికి అయ్యేది కొన్ని వందలే. చేయించకపోతే ఒక్కో మాడ్యూలుకు రూ.30 వేల నుంచి లక్ష దాకా.

ఇంతకంటే పెద్ద ప్రమాదం వరదలో మునిగిన బండి. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు పెద్ద సంఖ్యలో కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. బీమా కంపెనీలు పూర్తి నష్టం కింద తేల్చిన బళ్లు వేలంలో అమ్ముడై, కడిగి తుడిచి, వేరే ఊళ్లో మళ్లీ అమ్మకానికి వస్తాయి. పైకి కొత్తగా కనిపించే అలాంటి బండిలో వైర్ల కీళ్ల దగ్గర పచ్చటి చిలుము మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. దానికి పూర్తి రిపేరు ఉండదు.

పట్టుకోవడం కష్టం కాదు. ప్రతి సీటు బెల్టునూ చివరిదాకా బయటికి లాగండి. ఎవరూ కడగని ఆ చివరి మూరలో బురద గీత ఉండిపోతుంది. సీటు ముందుకు జరిపి పట్టాల కింద బోల్టుల మీద తుప్పు చూడండి. డిక్కీలో స్టెప్నీ టైరు తీసి ఆ గుంటలో ఇసుక ఉందేమో వేలితో తడమండి. సెంటు కొట్టిన బండిలో ఏసీ ఆన్ చేసి, అద్దాలు మూసి, ఐదు నిమిషాలు కూర్చోండి. ముక్క వాసన వస్తే లేచి వచ్చేయండి.

అరిగేవి అరుగుతాయి

పాడవకపోయినా తప్పని ఖర్చులు కొన్ని ఉన్నాయి. 19, 20 అంగుళాల టైరు ఒక్కోటి రూ.22–40 వేలు. రన్‌ఫ్లాట్ అయితే ఇంకా ఎక్కువ. నాలుగు చక్రాలకూ బ్రేకు ప్యాడ్లు, డిస్కులు కలిపి రూ.60 వేల నుంచి లక్ష. రెండు టన్నుల పైబడిన బరువు, మన గుంతలు కలిసి లోయర్ ఆర్ములు, బుష్‌లను త్వరగా తినేస్తాయి. ముందు వైపు మొత్తం చేయిస్తే రూ.60 వేల నుంచి లక్షన్నర. బ్యాటరీ మార్చినా బీఎండబ్ల్యూ వంటి వాటిలో కొత్త బ్యాటరీ వేసినట్టు కంప్యూటర్‌లో నమోదు చేయాలి. లేకపోతే పాతదనుకుని ఛార్జింగ్ పెట్టి కొత్తదాన్నీ పాడుచేస్తుంది. ఇక ఎల్‌ఈడీ హెడ్‌ల్యాంపు ఒక్కటి పగిలితే లక్షన్నర, రెండు లక్షలు. పార్కింగ్‌లో ఆటో చిన్నగా తగిలినా ఈ బిల్లు రావచ్చు.

అందుకే బీమా పాలసీని జాగ్రత్తగా చదవాలి. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం తరుగు కోస్తారు. ఈ బళ్ల బంపర్లన్నీ ప్లాస్టిక్కే. ఆ కోత లేని జీరో డిప్రిసియేషన్ పాలసీ పాత బళ్లకు దొరకడం కష్టం. దొరికితే వదలొద్దు. నీళ్లలో స్టార్ట్ చేయడం వల్ల ఇంజిన్ పాడైతే, ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు రక్షణ తీసుకుని ఉంటే తప్ప క్లెయిము ఇవ్వరు. అరుగుదల వల్ల వచ్చే రిపేరుకు ఏ పాలసీ డబ్బు ఇవ్వదు.

ఎవరి చేత చేయించాలి?

షోరూమ్ సర్వీసులో అసలు భాగం, సరైన సాఫ్ట్‌వేర్, రికార్డు దొరుకుతాయి. కానీ అక్కడ భాగం లోపలి చిన్న ముక్కను బాగుచేయడం కంటే మొత్తం యూనిట్ మార్చడమే ఎక్కువ. అందుకే ఎస్టిమేట్ చూస్తే కళ్లు తిరుగుతాయి. ఆ కంపెనీ బళ్లే చూసే బయటి నిపుణుడి దగ్గర అదే పని చాలాసార్లు సగం ఖర్చులో అవుతుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో అలాంటి గ్యారేజీలు ఉన్నాయి. మంచి గ్యారేజీకి గుర్తు మెరిసే బోర్డు కాదు. బీఎండబ్ల్యూకు ఇస్టా, మెర్సిడెస్‌కు జెంట్రీ, ఆడీకి ఓడిస్ వంటి ఆయా కంపెనీల డయాగ్నస్టిక్ సాఫ్ట్‌వేర్ వాళ్ల దగ్గర ఉండాలి. తీసిన పాత భాగాన్ని మీ చేతికివ్వాలి. వేసిన భాగం పెట్టె మీది నంబరు బిల్లులో రాయాలి.

భాగాల్లో మూడు రకాలుంటాయి. కార్ల కంపెనీ లోగోతో వచ్చేది ఒకటి. ఆ కంపెనీకి సరఫరా చేసేవాళ్లే తమ సొంత పెట్టెలో అమ్మేది రెండోది. జెడ్‌ఎఫ్, లెమ్‌ఫోర్డర్, బాష్, మాలె వంటివి ఈ కోవలోకి వస్తాయి. తరచుగా అదే నాణ్యత, ధర మాత్రం తక్కువ. తెలివైన యజమాని ఎక్కువగా కొనేది ఇవే. మూడోది విప్పిన బళ్ల నుంచి వచ్చే పాత భాగం. ఢిల్లీ మాయాపురి, చెన్నై పుదుపేట, మన విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల వెతికితే దొరుకుతాయి. తలుపు, అద్దం, సీటు మోటారు వంటివాటికి అవి చాలు. బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు, స్టీరింగ్ భాగాలు మాత్రం ఎంత చవకైనా పాతవి వేయించకూడదు. ప్రాణంతో బేరం ఉండకూడదు.

కాగితాలు

మీటరు తిప్పిన బళ్లు ఈ తరగతిలోనూ ఉన్నాయి. డ్యాష్‌బోర్డులో అంకె మార్చినా గేరుబాక్సు వంటి ఇతర మాడ్యూళ్లలో పాత లెక్క మిగిలి ఉండొచ్చు. పూర్తి స్కాన్ చేస్తే అది బయటపడుతుంది. షోరూమ్ సర్వీసు రికార్డులో తేదీలు, కిలోమీటర్లు వరుసగా పెరుగుతున్నాయా చూడండి. యజమానితోనే ఆ రికార్డు తెప్పించండి. ఇవ్వడానికి వెనకాడితే అదే జవాబు.

వేరే రాష్ట్రం బండి అయితే ఎన్‌వోసీ, అంటే ఫారం 28, ఉండాలి. ఏడాదికి మించి ఇక్కడ ఉంచుకుంటే కొత్త రిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్ తప్పవు. ఖరీదైన బండికి ఆ పన్నే లక్షల్లోకి వెళ్తుంది. చవకగా వచ్చిన ఢిల్లీ బండి అసలు ధర దాన్ని కలిపాకే తెలుస్తుంది. బ్యాంకు అప్పు తీరినట్టు ఫారం 35, పేరు మార్పుకు ఫారాలు 29, 30 సంతకాలతో చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి. పెండింగ్ చలానాలు, బీమా క్లెయిముల చరిత్ర కూడా చూసుకోండి.

మొత్తం లెక్క, తీర్పు

ఒక ఉదాహరణ తీసుకుందాం. రూ.20 లక్షలకు ఎనిమిదేళ్ల ఎక్స్5 డీజిల్ కొన్నారు, పెద్ద లోపమేదీ లేదు. మొదటి ఏడాది టైర్లకు రూ.1.2 లక్షలు, గేరుబాక్సు ఆయిల్‌కు రూ.50 వేలు, బ్రేకులకు రూ.60 వేలు, బుష్‌లకు రూ.80 వేలు, ఇంజిన్ సర్వీసుకు రూ.30 వేలు, బ్యాటరీకి రూ.30 వేలు, బీమాకు రూ.50 వేలు. మొత్తం రూ.4.2 లక్షలు. ఏదీ పాడవకుండానే అయిన ఖర్చు ఇది. గొలుసో, గాలి సస్పెన్షనో పలకరిస్తే దీని మీద మరో రెండు, మూడు లక్షలు.

కాబట్టి నా తీర్పు ఇది. చేతిలో రూ.20 లక్షలుంటే రూ.15–16 లక్షల బండే చూడండి. మిగిలింది రిపేర్ల కోసం బ్యాంకులో పక్కన పెట్టండి. ఉన్నదంతా ఊడ్చి, పైన అప్పు కూడా చేసి కొనేవాళ్లు ఈ బళ్ల జోలికి వెళ్లకూడదు. కొత్త క్రెటానో ఇన్నోవానో వాళ్లను ఎంతో బాగా చూసుకుంటుంది. డబ్బు పక్కన పెట్టగలిగినవాళ్లకు, ఇనుప స్ప్రింగులున్న ఎక్స్3, జీఎల్‌సీ, క్యూ5 వంటి మధ్య సైజు బళ్లు పెద్దవాటికంటే మంచి ఎంపిక. పెద్దదే కావాలంటే పూర్తి రికార్డున్న ఓఎం642 మెర్సిడెస్, గొలుసు శబ్దం లేదని తేలిన ఎక్స్5 చూడవచ్చు. పాత రేంజ్‌రోవర్, డిస్కవరీ డీజిళ్లు మనసుకు ఎంత నచ్చినా, వారంటీ లేకుండా, రికార్డు లేకుండా కొనడం జూదమే. కంపెనీల సొంత సర్టిఫైడ్ షోరూముల్లో వారంటీతో దొరికే బండికి లక్షో, రెండు లక్షలో ఎక్కువ పెట్టినా ఆ డబ్బు వృథా కాదు.

అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక్క పని తప్పక చేయండి. అమ్మేవాడికి సంబంధం లేని, ఆ కంపెనీ బళ్లే చూసే నిపుణుడి దగ్గరికి బండిని తీసుకెళ్లి, పైకి లేపి కింద నుంచి చూపించి, పూర్తి స్కాన్ తీయించండి. దానికి ఐదు వేలో పది వేలో అవుతుంది. ఆ పరీక్షకు అమ్మేవాడు ఒప్పుకోకపోతే, ఆ బండి ఎంత చవకైనా కొనవద్దు.